ఇరవై నాలుగు గంటల కాయితం

ముసలమ్మ చేతికి పట్టీ చుట్టి
బీపీ మిషను మీట నొక్కడం పొద్దున్నే నా పని.
రాత్రి ఇల్లంతా ఏసీ హోరులో మునిగినాక
అదే పట్టీ దొంగగా నా చేతికి చుట్టుకుంటా.
అంకెల పక్కన చిన్న గుండె బొమ్మ
ఆమెకు నిలకడగా వెలుగుతుంది,
నాకు మిణుకుమిణుకుమంటుంది.
బ్యాటరీలు మాత్రం అవే.

ఆమె గుండెలో రెండు స్టెంట్లు.
రోజుకు తొమ్మిది మాత్రలు, ఏడు గళ్ళ డబ్బా,
ఏది తిండికి ముందో ఏది వెనకో నాకు కంఠతా.
నేను మూడుసార్లు ఆసుపత్రికి పోతే
మూడుసార్లూ పనడాలే.

మొదటాయన గ్యాసన్నాడు.
రెండో ఆయన ఈసీజీ తీసి బాగుందన్నాడు.
ఆ గీత గీసేటప్పుడు నా గుండె కూడా
మామా ముందు నిలబడిన నా మాదిరే
బుద్ధిగా ఉండింది మరి.
మూడో ఆమె నవ్వి అడిగింది: ఇంటి మీద బెంగా?
ఉంది. లేదని ఎట్లా అంటాను?
కానీ బెంగయితే
బియ్యం మూట దించినప్పుడే ఎందుకొస్తుంది,
మిద్దె మీద బట్టలు ఆరేసేదాకా ఎందుకాగుతుంది?

అరబ్బీలో నాకు వంటింటి మాటలొచ్చు.
కోపం మాటలు తెలుసు.
గుండె గురించి ఒక్కటే: గల్బీ తాబాన్.
నా గుండె అలిసింది.
అలవడం కాదు సారూ.
జారుతుంది, గుభేలుమంటుంది,
నోట్లోకొచ్చి కూర్చుంటుంది.
మా దగ్గర ఇన్ని మాటలుండి
ఒక్కటీ ఆ బల్ల దాటి అవతలికి పోదు.

అప్పట్నుంచి రాసిపెట్టుకుంటున్నా.
అబ్బాసియా అంగడివాడిచ్చిన క్యాలెండరు వెనక,
ఆదివారం, నాలుగు, నిద్రలో.
బుధవారం, మచ్బూస్ గిన్నె దించుతా, కళ్ళు చీకట్లు.
శనివారం, శనివారం, శనివారం.

శుక్రవారం సగం పూట సెలవు.
ఫర్వానియాలో డబ్బు క్లినిక్కు.
పన్నెండు దినార్లు, జీతంలో పదో వంతు,
పాప హాస్టలుకు ఈ నెల కొంచెం ఆగమని చెప్పినా.
మా ఇంటి డ్రైవరు ఖాజాపీరు తోడొచ్చాడు.
ఆయనది గాలివీడు. అరబ్బీ దంచుతాడు.
ఎట్లుంటుందో చెప్పమన్నాడు ఈజిప్టు డాక్టరు.
ఖాజన్నా, మన బోరు మోటారు లేదా,
కరెంటు తక్కువైనప్పుడు పట్టి, వదిలి,
ఊరికే గాలి తాగి, మళ్ళా దబుక్కున ఎత్తుకునేది,
అదీ అని చెప్పు.
ఖాజాపీరుకు మోటారు దాకా భాష వచ్చింది.
మిగతాదంతా చేతులతో చూపించాడు,
నోటితో శబ్దం కూడా చేసినాడు.
డాక్టరు రాసేది ఆపి తలెత్తాడు.
క్యాలెండరు తిప్పమన్నాడు.
వాళ్ళ నాయనకూ ఉందంట అట్లాంటి మోటారు.

ఐదు స్టిక్కర్లు, ఐదు తీగలు,
నడుముకు అగ్గిపెట్టెలంత రెండు పెట్టెల ఎత్తున ఒక మిషను.
రేపు ఇదే వేళ దాకా తియ్యొద్దు.
ఏ గంటకు ఏం చేస్తావో ఈ కాయితం మీద రాయి,
దడ వస్తే మీట నొక్కు.
ఈ దేశంలో నా దినమంతా వినడానికి
ఒకటి కుదిరింది.

ఆరు. సమోసాలు వేపుతా. ఏం లేదు.
ఏడున్నర. ఇంటి నుంచి ఫోను. పాప ఏడ్చింది, నేనూ ఏడ్చినా.
దడ మాత్రం రాలేదు. మూడో డాక్టరమ్మకు ఇది చూపించాల.
తొమ్మిది. ముసలమ్మను మంచం మీదికి ఎత్తినా. రెండుసార్లు నొక్కినా.
నైటీ మెడ దగ్గర తీగ బయటపడింది, ఆమె చూసింది.
ఏమీ అనలేదు.
ఊడొస్తున్న స్టిక్కరు అంచును
గోరింటాకు వేలితో అదిమింది, గట్టిగా,
తనకు తెలిసిన పని మాదిరి.
ఇది కాయితంలో ఎక్కడ రాయాలో తెలీలేదు.

రెండు పది. ఏ పనీ లేదు.
వెల్లకిలా పడుకోనున్నా.
పట్టింది. వదిలింది.
గాలి తాగింది.
మీట నొక్కి, పెట్టె మీద అరచెయ్యి పెట్టి
చీకట్లో అడిగినా:
విన్నావు గదా?